గ్రహణం పేజీలో ఆ ఒక్క వాక్యం పెద్దక్షరాల్లో వేయండి: పంచాంగకర్తలకు బహిరంగ లేఖ

తెలుగు పంచాంగకర్తలకు, గ్రహణం రోజున టీవీల్లో కూర్చుని మాట్లాడే సిద్ధాంతిగార్లకు నమస్కారాలు.

నేను నల్లగొండ జిల్లాలో ఫిజికల్ సైన్స్ చెప్పే బడిపంతులమ్మను. మా ఇంట్లో పంచాంగం ఫ్రిజ్ పక్కన మేకుకు వేలాడుతుంటుంది. అమ్మ ఏటా ఉగాదికి ముందే తెప్పించుకుంటుంది. ఆమె చూసేది వర్జ్యం, దుర్ముహూర్తం. నేను చూసేది తిథుల అంత్యకాలాలు. సెలవు రోజుల్లో కూర్చుని వాటిని సరిచూసుకోవడం నాకో పిచ్చి. ఒకే పుస్తకాన్ని ఇద్దరం చదువుతాం, ఎవరి పేజీలు వాళ్లవి. ఈ ఉత్తరం ఆ రెండు రకాల పేజీల గురించే.

2025 సెప్టెంబరు 7, ఆదివారం, భాద్రపద పూర్ణిమ. సంపూర్ణ చంద్రగ్రహణం. స్పర్శ, అంటే గ్రహణం పట్టడం, రాత్రి 9.57కి. చంద్రగ్రహణానికి మూడు యామాల ముందు నుంచి, అంటే తొమ్మిది గంటల ముందు నుంచి వేధ, తిండి నిషిద్ధమైన కాలం. కాబట్టి మధ్యాహ్నం 12.57 తర్వాత అన్నం లేదు. మోక్షం, అంటే విడవడం, 1.26కి, ఆ తర్వాత తలస్నానం, అప్పుడు తిండి. ఈ లెక్కంతా అమ్మ నోటితోనే కట్టింది, నాకన్నా వేగంగా. పన్నెండింటికే నాలుగు ముద్దలు తిని చెయ్యి కడుక్కుంది. మామిడికాయ తొక్కు జాడీ మీద, పెరుగు గిన్నె మీద దర్భ వేసింది. సాయంత్రం ఆరింటికి మాత్రం షుగరు గోళి మింగింది.

"గోళి తిండి గాదు గద బిడ్డా" అంది.

నిజమే, కాదు. అమ్మకు డెబ్బై ఏడేళ్లు, షుగరు వచ్చి ఇరవై ఏళ్లయింది. పొట్టలో తిండి లేకుండా గోళి వేసుకుంటే ఏమవుతుందో ఆ గొడవలో నేనూ మర్చిపోయాను. సైన్సు టీచర్నని చెప్పుకోవడానికి సిగ్గుపడాల్సిన మాటే.

ఎనిమిదిన్నరకు చూస్తే నుదురంతా చెమట, చేతులు వణుకుతున్నాయి, మాట ముద్దముద్దగా వస్తోంది. మిషన్ పెట్టి చూస్తే 54. గ్లూకోజు నీళ్లు కలిపి తెచ్చాను. నోరు బిగించేసింది. కిటికీ తెరిచి చూపించాను. చంద్రుడింకా నిండుగా ఉన్నాడు, గ్రహణం పట్టడానికే ఇంకా గంటన్నర టైముందన్నాను. భూమి నీడకూ నీ గ్లాసుకూ ఏం సంబంధమన్నాను. అరిచాను, ఏడ్చాను కూడా.

"నీ సైన్సు బళ్లె చెప్పుకో. ఇడిసినంక తాగుత."

ఎదురింటి పంతులుగారి తలుపు కొట్టాను. ఆయన జపానికి సిద్ధమవుతున్నారు. సంగతి విని, అట్లాగే తడిపంచెతో వచ్చి అమ్మ మంచం దగ్గర నిలబడ్డారు. "బాలవృద్ధాతురులకు ఈ నియమం పట్టదమ్మా. చిన్నపిల్లలు, ముసలివాళ్లు, రోగులు. ఆ ముగ్గురిలో మీరు ఇద్దరు. తాగండి" అని, మా పెరుగు గిన్నె మీది దర్భపోచ ఒకటి తీసి గ్లాసులో వేశారు. అమ్మ తాగింది. ఇరవై నిమిషాల తర్వాత 98.

నా ఫిజిక్స్ చేయలేని పని గడ్డిపోచ చేసిందని తర్వాత చాలామంది దగ్గర నవ్వుతూ చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఏదో తప్పుగా చెబుతున్నట్టు అనిపించేది. అమ్మను ఒప్పించింది గడ్డిపోచ కాదు, తర్కం. మామూలు విధిని ఉత్సర్గమనీ దానికి మినహాయింపును అపవాదమనీ అంటారనీ, అపవాదం ఉన్నచోట ఉత్సర్గం చెల్లదనీ మీమాంసకులు ఎప్పుడో తేల్చారు. పంతులుగారు చేసింది అంతే. అమ్మ నమ్మిన శాస్త్రంలోంచే, అమ్మకు తెలియని వాక్యం ఒకటి తీసి ముందు పెట్టారు. ఆమె వెంటనే నిర్ణయం మార్చుకుంది. తర్కం తెలియని మనిషి అట్లా మారదు. ఆమెకు లేనిది ఆ ఒక్క వాక్యం. నేను తెచ్చిన వాక్యాలేమో ఆమె కోర్టులో చెల్లేవి కావు.

మర్నాడు మా పంచాంగం తీశాను. గ్రహణం పేజీ. పైన స్పర్శ, నిమీలనం, ఉన్మీలనం, మోక్షం గంటలు నిమిషాలతో సహా. కింద ఏ నక్షత్రం వాళ్లు చూడరాదో, ఏ రాశికి అధమ ఫలమో, ఏ దానమో. అట్టడుగున, సన్నక్షరాల్లో, కళ్లజోడు పెట్టుకున్నా ఆనని సైజులో: బాలవృద్ధాతురులకు నియమం లేదు. అమ్మ ఆ ఆదివారం మధ్యాహ్నమంతా టీవీ చూసింది. పన్నెండు రాశుల ఫలాలూ, పన్నెండు దానాలూ విన్నది. ఈ ముక్క మాత్రం ఆమె చెవిన పడలేదు. ఏ చానలో, ఏ సిద్ధాంతిగారో చెప్పను. ఒక్కరిని అనడం నా ఉద్దేశం కాదు.

ఇక భక్తికీ తర్కానికీ పొసగదనేవాళ్ల సంగతి. నాకు హేతువాద సంఘాల్లో మంచి స్నేహితులున్నారు. గ్రహణం వేళ నడిరోడ్డు మీద ఉప్మా తిని చూపిస్తారు. ధైర్యమే, కాదనను. అమ్మ ఒకసారి అది టీవీలో చూసి "తిననీ, ఆకలైందేమో పాపం" అంది. ఎవరిని మార్చాలని తిన్నారో ఆ మనిషి జాలిపడి ఊరుకుంది. మిత్రులారా, మీరన్నది అబద్ధమని కాదు. ఆ ప్లేటు మా అమ్మ దాకా రాలేదు, అంతే.

వాళ్ల దగ్గరే నేర్చుకున్న ఒక పని మాత్రం ఏటా చేస్తాను. మా పల్లెల్లో గ్రహణం పట్టిందో లేదో తెలుసుకోవడానికి పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెడతారు. నిలబడితే పట్టినట్టు, పడిపోతే విడిచినట్టు. నేను ఏ మంగళవారమో, బుధవారమో తొమ్మిదో తరగతిలో రోకలి నిలబెట్టిస్తాను. అడుగున ఇనుప పొన్ను సమంగా అరిగి ఉంటే చాలు, ఓపిక పట్టి వదిలితే నిలబడుతుంది. మొదటిసారి నిలబడ్డప్పుడు పిల్లలందరూ కిటికీ వైపు పరుగెత్తారు, సూర్యుడికేమైందోనని! అక్కడ నేను నమ్మకాన్ని ఎగతాళి చేయను. "మిగతా రోజుల్లో ఎవరైనా నిలబెట్టి చూశారా?" అని మాత్రం అడుగుతాను. ఇంటికెళ్లి నాయనమ్మతో కలిసి నిలబెట్టి చూసినవాళ్లు మర్నాడు వచ్చి చెబుతారు. నాయనమ్మలు ఒప్పుకుంటారు. గ్రహణ స్నానం మాత్రం మానరు. నాకు అందులో వైరుధ్యమేమీ కనబడదు.

మీ పుస్తకంలోనూ కనబడదు, నిజానికి. తిథి అంటే సూర్యచంద్రుల మధ్య పన్నెండు డిగ్రీల ఎడం. అది పెరగడానికి ఒకసారి 20 గంటల లోపే పడుతుంది, ఒకసారి 26 గంటలు దాటుతుంది. అది లెక్క. ఆ తిథినాడు తండ్రికి పిండం పెట్టడం నమ్మకం. లెక్క తప్పితే ఆకాశం ఒప్పుకోదు. పిండం తప్పా ఒప్పా అని ఆకాశాన్ని అడగలేం, అడగనక్కర్లేదు కూడా.

మీ పూర్వులకు ఈ తేడా బాగా తెలుసు. ఆర్యభటుడు 499లోనే సూర్యుణ్ణి చంద్రుడు కప్పుతాడు, చంద్రుణ్ణి భూమి పెద్దనీడ కప్పుతుంది అని రాసిపెట్టాడు. బ్రహ్మగుప్తుడు స్మృతిని కాదంటావా అని ఆయన మీద కోప్పడ్డాడు, కోప్పడుతూనే తన గ్రంథంలో గ్రహణాలను నీడలతోనే లెక్కకట్టాడు. నాకు నచ్చినవాడు వరాహమిహిరుడు. బృహత్సంహితలో రాహుచారం, అంటే గ్రహణాల అధ్యాయం చెబుతూ "రాహురకారణమస్మిన్నిత్యుక్తః శాస్త్రసద్భావః" అన్నాడు. ఇందులో రాహువు కారణం కాదు, ఇదే శాస్త్రంలోని నిజం అని. ఆ వెంటనే, గ్రహణ వేళ చేసే దానంలో, హోమంలో రాహువుకు భాగమిచ్చేలా బ్రహ్మ వరమిచ్చాడనీ అన్నాడు. స్నానం ఉంది, దానం ఉంది, రాహువుకు తన వాటా ఉంది. గ్రహణాన్ని కలిగించే పని మాత్రం ఆయనది కాదు. సుమారు పద్నాలుగు వందల యాభై ఏళ్ల కింద ఇంత చక్కగా కట్టిన గోడను ఇవాళ స్టూడియోల్లో కూర్చుని కూలగొడుతున్నది హేతువాదులు కారు.

మన నేల మీదే ఇంకొకాయన ఉన్నాడు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రాన్స్ నుంచి వచ్చిన జాన్సెన్ గుంటూరులో దుర్భిణి పెట్టాడు. మద్రాసు వేధశాల అధిపతి పాగ్సన్ మచిలీపట్నం వెళ్లాడు. ఆ వేధశాలలోనే పనిచేసే చింతామణి రఘునాథాచార్యులు వనపర్తికి వచ్చాడు. జాన్సెన్ పేరు హీలియం కథలో అందరికీ తెలుసు. రఘునాథాచార్యుల పేరు వనపర్తి పిల్లలకే తెలియదు. పంచాంగాలు గణించే ఇంట్లో పుట్టినవాడు, నక్షత్రాలను కొలిచే ఉద్యోగం చేసినవాడు, 1872లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఫెలో అయినవాడు. ఆయన పట్టు ఒక్కటే: పంచాంగం ఆకాశానికి సరిపోవాలి. అందుకే దృగ్గణిత పంచాంగం వేశాడు. సరైన వేళకు పూజ జరగాలని పట్టుబట్టేవాడికే లెక్క సరిగా ఉండాలన్న పట్టింపూ ఉంటుంది. దేవుడి మీద పట్టింపు లేనివాడికి తిథి పది ఘడియలు అటైతేనేం, ఇటైతేనేం!

ఆ పోరు ఇంకా అయిపోలేదని మీకు నేను చెప్పాలా? 2023లో వినాయక చవితి సెప్టెంబరు 18నా 19నా అని మా వీధిలో రెండు వర్గాలయ్యాయి, ఒకే పందిట్లో. ఆకాశంలో కనబడేదానికి సరిపడేలా గణించే దృక్ పద్ధతి, పాత గ్రంథాల లెక్కనే పట్టుకునే పూర్వ పద్ధతి అని మీలో మీరు వాదించుకుంటారు. తప్పులేదు. కానీ పూర్వ పద్ధతి వాళ్లలో కూడా చాలామంది గ్రహణం దగ్గరికొచ్చేసరికి దృక్కే పట్టుకుంటారు. చవితి తప్పితే వినాయకుడు ఏమీ అనడు, గ్రహణం పది నిమిషాలు తప్పితే మేడలెక్కిన జనం నవ్వుతారు. నేను దీన్ని ఎత్తిపొడుపుగా అనడం లేదు (కొంచెం అంటున్నానేమో). కళ్లెదుట తేలిపోయే విషయంలో మీరు తర్కానికే తలవంచుతున్నారు, అదే మంచిదంటున్నాను.

తేలని విషయాల్లో నాకు మీతో పేచీ లేదు. భౌతిక శాస్త్రవేత్త మేఘనాద్ సాహా అధ్యక్షతన వేసిన క్యాలెండర్ సంస్కరణ సంఘం 1955లో నివేదిక ఇస్తూ, ఉత్తరాయణం నిజంగా మొదలయ్యేది డిసెంబరు 22 ప్రాంతంలో అయితే మనం 23 రోజులు ఆలస్యంగా సంక్రాంతి చేసుకుంటున్నామని చెప్పింది. మీరు మార్చలేదు. పోనివ్వండి. జనవరిలో గొబ్బెమ్మలు పెడితే ఎవరికీ నష్టం లేదు, పైగా పంట ఇంటికొచ్చేది అప్పుడే. గ్రహణం నాడు తిరుమల ఆలయం తలుపులు మూస్తారు, శ్రీకాళహస్తిలో మాత్రం తెరిచే ఉంచి రాహుకేతు పూజలు చేస్తారు. మధ్యలో రేణిగుంట. ఒకే ఆకాశం, ఒకే మతం, రెండు తీర్పులు. ఇన్నేళ్లుగా ఎవరూ కొట్టుకోలేదు. నమ్మకం లోపలే ఇంత చోటు ఉంది.

కానీ ఒకచోట రాజీ లేదు. గ్రహణమొర్రి.

మన భాష ఈ నమ్మకాన్ని రోగం పేరుగానే మార్చేసింది. 1980 ఫిబ్రవరి 16, శనివారం, నాకు పదేళ్లు. హైదరాబాద్ దగ్గర జపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రవేత్తలు దుర్భిణుల ముందు కూర్చున్న ఆ మధ్యాహ్నం మా పల్లెలో మనిషి అలికిడి లేదు. అమ్మకు ఏడో నెల. కిటికీలకు గోనెసంచులు కట్టి, లోపలి గదిలో వెల్లకిలా పడుకోబెట్టారు. కదలొద్దు, గోకొద్దు, కత్తిపీట ముట్టొద్దు. మూడున్నర దాటాక చీకటి కమ్మింది, కోళ్లు గంప కిందికి పోయాయి. తలుపు సందులోంచి నాకు కనబడింది అమ్మ అరికాళ్లు మాత్రమే, కదలకుండా. మేలో తమ్ముడు పుట్టాడు, పెదవి చక్కగా ఉంది. చీకటి గది కాపాడిందన్నారు.

నాలుగేళ్ల కింద మా బళ్లో ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి, పెదవి మీద ఆపరేషన్ గీత. పేరెంట్స్ మీటింగుకు వచ్చిన వాళ్లమ్మ నేనేమీ అడగకముందే, "గ్రహణం నాడు వంకాయ కోసిన మేడం" అంది. పదమూడేళ్లుగా మోస్తున్న మాట అది. ఏ నెలలో అని అడిగాను. ఆరో నెల అంది. కడుపులో బిడ్డకు పై పెదవి అతుక్కునేది నాలుగు నుంచి ఏడో వారం మధ్య. రెండో నెల దాటేసరికి ఆ పని అయిపోతుంది. అతుక్కోకపోతే అప్పుడే అతుక్కోలేదు. దానికి జన్యువులుంటాయి, తల్లికి ముందునుంచీ ఉన్న షుగరు ఉండొచ్చు, పొగ ఉండొచ్చు, కొన్ని మందులుండొచ్చు. ఆరో నెలలో కోసిన వంకాయ ఉండదు. బోర్డు మీద వారాలు వేసి చూపించాను. ఆమె చాలాసేపు బోర్డునే చూసి, "ఇది మా అత్తకు జెప్పుండ్రి మేడం" అంది.

ఇక్కడ నమ్మకం నమ్మకంగా ఉండటం మానేసి లోకం గురించి ఒక మాట అంటోంది. గ్రహణం నీడ పెదవిని చీలుస్తుంది అని. అన్నాక దాన్ని రోకలిలాగే నిలబెట్టి చూడాల్సిందే. చూస్తే పడిపోయింది. మీరు గర్భిణులు జపం చేసుకోండి అని రాయండి, నేనేమీ అనను. బయటికొస్తే బిడ్డకు మొర్రి వస్తుందని చెబితే మాత్రం, ఆ పిల్ల తల్లి దగ్గరికొచ్చి ఆ మాట ఆమె ముఖం మీద అనగలరా అని అడుగుతాను. సూర్యగ్రహణాన్ని ఉత్త కళ్లతో ఎవరూ చూడొద్దని రాయండి. అది గర్భిణులకే కాదు, అందరికీ. కళ్లు నిజంగానే పోతాయి.

ఇప్పుడు నేను అడగదలిచింది. 2026 మార్చి 3, మంగళవారం, ఫాల్గుణ పూర్ణిమ. మళ్లీ చంద్రగ్రహణం. మధ్యాహ్నం 3.20కి పట్టి సాయంత్రం 6.47కి విడుస్తుంది. మనకు గ్రస్తోదయం. చంద్రుడు పట్టిన ముఖంతోనే ఉదయిస్తాడు, మన వైపు కనబడేది ఓ ఇరవై నిమిషాలు. గ్రస్తోదయమైతే ఆ పగలంతా భోజనం లేదని మీ శాస్త్రం. అంటే ఇరవై నిమిషాల దృశ్యానికి పొద్దుటి నుంచి ఉపవాసం. మా అమ్మలాంటి వాళ్లు ఈ రెండు రాష్ట్రాల్లో ఎంతమంది గోళీలు మింగి, అన్నం మానేసి కూర్చుంటారో ఊహించండి.

ఈ ఏటి పంచాంగం అచ్చయిపోయింది, సరే. ఆ రోజు టీవీలో నోరు తెరవగానే, రాశిఫలాలకు ముందు, బాలవృద్ధాతురులకు ఉపవాసం లేదన్న మాట చెప్పండి. షుగరున్నవాళ్లు ఆతురులే అని విప్పి చెప్పండి, చాలామంది తమను తాము రోగులమనుకోరు. గర్భిణి కూడా ఆకలితో ఉండకూడదని చెప్పండి. రాబోయే పరాభవ నామ సంవత్సర పంచాంగం నుంచి ఆ వాక్యాన్ని గ్రహణం పేజీ అడుగునుంచి తీసి నెత్తిన పెట్టండి, స్పర్శ కాలం వేసే అక్షరాలతోనే. ఏ పద్ధతిలో గణించారో అట్ట లోపల ఒక లైను రాయండి. మొర్రి మాట తీసేయండి. కొత్తగా ఏదీ నమ్మమనడం లేదు, ఉన్నదాన్ని మానమనడం లేదు. మీ పుస్తకంలో ఉన్న వాక్యాన్నే కనబడేట్టు వేయమంటున్నాను.

అమ్మతో మాట్లాడాను. మార్చి 3న పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, రెండింటిమీదా దర్భ. పంతులుగారిని ముందే అడిగి ఖాయం చేసుకుంది, నన్ను కాదు. సాయంత్రం మేడ మీద తూర్పు దిక్కున కుర్చీ వేస్తాను, నువ్వూ రా, చంద్రగ్రహణాన్ని ఉత్త కళ్లతో చూడొచ్చన్నాను. "నాది చూడగూడని నక్షత్రమేమో సూడు ముందుగాల" అంది. పంచాంగం తీసి చూస్తున్నాను.

ఇట్లు
ఒక బడిపంతులమ్మ
నల్లగొండ జిల్లా